పాత అంబాసిడర్‌కు సెల్ఫ్ కొట్టే ముందు

సంపాదకులు గారికి,

సంక్రాంతి సెలవులకు అమెరికా నుంచో బెంగళూరు నుంచో పిల్లలు ఊరొస్తారు. పెరట్లో రేకుల షెడ్డు కింద పదేళ్లుగానో పదిహేనేళ్లుగానో నిలబడిపోయిన తాతగారి అంబాసిడర్ మీద కళ్లు పడతాయి. కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తారు, ఐదు లీటర్ల పెట్రోలు పోస్తారు, సెల్ఫ్ కొడతారు. ఇంజన్ టక్కున ఆగిపోతుంది. లేదంటే నాలుగు చుట్లు తిరిగి లోపల ఏదో విరిగిన చప్పుడవుతుంది. పండగ వెళ్లిన మర్నాడు బండి లారీ ఎక్కి ఆటోనగర్ చేరుతుంది. అన్నేళ్ల నిలకడను తట్టుకున్న ఇంజన్ ఆ పది సెకన్ల సెల్ఫ్‌కే పోతుంది. అందుకే పండగకు ముందే ఈ ఉత్తరం వేస్తారని ఆశిస్తున్నాం.

మేం చెప్పేది 1489 సీసీ పెట్రోలు ఇంజన్ గురించి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు అంబాసిడర్‌కు బిగించింది ఇదే. ఇంగ్లండు బీఎంసీ కంపెనీ బి-సిరీస్ డిజైను. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 73 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 88.9 మి.మీ. మొద్దు ఇంజన్, కానీ మొండిది. ఓపిక పడితే లేస్తుంది. 1990లలో వచ్చిన ఇసుజు 1800కీ, డీజిలు బండ్లకూ లెక్కలు వేరు. వాటి జోలికి ఇప్పుడు పోవడం లేదు.

ఇంజన్ ఎందుకు పట్టేస్తుందో ముందు తెలియాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం నుంచి, కార్బొరేటర్ నుంచి తేమగాలి ఆ దారిన బోరులోకి దిగుతుంది. బోరు గోడకు అంటిన ఆయిలు పొర కొన్ని నెలల్లోనే జారిపోతుంది. పిస్టను చుట్టూ ఉండే ఇనప రింగు, ఇనప బోరు, మధ్యలో తేమ. ఇంకేముంది, రింగు నిలిచిన చోట చుట్టూ తుప్పు కట్టి రెండూ అతుక్కుపోతాయి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వైపు ఉప్పుగాలికి రెండు వానాకాలాలు చాలు. అనంతపురం, కర్నూలు వైపు బండ్లలో బోరు చాలావరకు బాగానే ఉంటుంది, అక్కడ చెడేది రబ్బరు. గోదావరి జిల్లాల్లో ఎలుకలతో ఇంకో తంటా. ఎయిర్ క్లీనర్ డబ్బా విప్పితే గుప్పెళ్ల కొద్దీ వడ్లు, ఊక రాలతాయి. అవి ఉండగా సెల్ఫ్ కొడితే ఊకంతా కార్బొరేటర్ దారిన లోపలికే పోతుంది. సైలెన్సర్ మూతిలో, పెట్రోలు ట్యాంకు గాలి గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉందేమో కూడా చూడాలి. ట్యాంకుకు గాలి ఆడకపోతే బండి రెండు కిలోమీటర్లు నడిచి ఆగిపోతుంది, కారణం ఎంతకీ దొరకదు.

కాబట్టి బ్యాటరీని తాకకండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్లు ఆనించి, ముందు డిప్‌స్టిక్ తీయండి. ఆయిలు గుర్తు కంటే పైన ఉందంటే సంతోషించాల్సిన పని లేదు, అందులో ఇంకేదో కలిసింది. పెట్రోలు వాసన వస్తే ఏసీ పంపు (పెట్రోలు పంపు) డయాఫ్రం చిరిగి పెట్రోలు ఛాంబరులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి దిగింది. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయి. అనుమానముంటే ఛాంబరు కింది డ్రెయిన్ ప్లగ్గును పూర్తిగా విప్పకుండా నెమ్మదిగా వదులు చేయండి. నీరు ఆయిలు కంటే బరువు కనుక ముందు నీళ్లే కారతాయి. రెండు మూడు చుక్కలైతే తేమ చెమట పట్టి చేరినవే, భయం లేదు. గ్లాసెడు కారితే హెడ్ గ్యాస్కెట్ పోయిందో, ఎక్కడైనా పగులుందో తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు. ఈ దశలో ఆయిలు మార్చేయాలనిపిస్తుంది. మార్చకండి, ఎందుకో కింద చెబుతాం.

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. రాకుంటే బలం చూపించొద్దు, ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలించే ఆయిలు పోసి రాత్రంతా ఉంచండి. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో వరసలో పెట్టుకోండి, తుప్పు మరక ఉన్న ప్లగ్గే ఏ బోరులో తేమ చేరిందో చెబుతుంది. ఇప్పుడు ఫోనుకు తగిలించే సన్న గొట్టం కెమెరాలు చవగ్గా దొరుకుతున్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి దించి చూస్తే బోరు గోడ కంటికి కనిపిస్తుంది. గోధుమరంగు పల్చటి పూత ఉంటే అది పోతుంది. పొక్కులు పొక్కులుగా లేచిన తుప్పు వలయం కనిపిస్తే ఆ సిలిండరుతో జాగ్రత్త.

ఇక పోయాల్సిన మందు. తేలిగ్గా ఉన్న ఇంజన్‌కు ఒక్కో సిలిండరులో 10 మి.లీ. ఇంజనాయిలు చాలు. పట్టేసిందన్న అనుమానం ఉంటే పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్రటి ఏటీఎఫ్ ఆయిలు ఒక వంతు, అసిటోన్ ఒక వంతు కలిపి సిలిండరుకు 25 మి.లీ. చొప్పున పోయండి. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసి ఉండవు, పోసే ముందు సీసా బాగా కుదపాలి. అసిటోన్ పెయింటు మీద పడితే ఊడిపోతుంది, నిప్పుకు పెట్రోలులాగే అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ కూడా వద్దు. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి ఒక రోజు ఆగండి. మర్నాడు ద్రవం దిగిపోయి ఉంటే రింగుల సందుల్లోకి దారి దొరికినట్టే, మళ్లీ పోయండి. ఎంత పోసింది అంతా పైనే నిలిచి ఉన్న సిలిండరే అసలు పట్టేసిన సిలిండరు. దానికి మూడు రోజులు పట్టవచ్చు, వారమూ పట్టవచ్చు.

తిప్పడం చేత్తోనే. పాత బండ్లకు ముందు బంపరు మధ్య నుంచి హ్యాండిల్ వేసే వీలుంటుంది. హ్యాండిల్ పోయి ఉంటే క్రాంకు పుల్లీ మధ్యనున్న పెద్ద నట్టుకు స్పానరు వేయండి. ప్లగ్గులు మాత్రం బయటే ఉండాలి. లోపల ద్రవం ఉండగా ప్లగ్గులు బిగించి తిప్పితే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. మొదట ఒక వైపు కొంచెం, మళ్లీ వెనక్కి కొంచెం. వేలెడంత కదిలినా చాలు, ఆగి మళ్లీ మందు పోసి సాయంత్రం చూడండి. ముందుకీ వెనక్కీ ఆడించడం వల్ల తుప్పు పొడై కిందికి జారుతుంది. ఒకే వైపు గుంజితే అదే పొడి రింగు కింద ఇరుక్కుని బోరును గీరుతుంది. అడుగున్నర స్పానరుతో ఒక మనిషి బలానికి కదలకపోతే ఆ పూటకు వదిలేయాలి. స్పానరుకు గొట్టం తొడిగి ఇద్దరు వేలాడటం, టాపు గేరులో వేసి ట్రాక్టరుతో బండిని లాగడం, ఇవి ఇంజన్ను లేపే పనులు కావు. పిస్టను గాడి అంచులు పగిలేదీ, రింగులు ముక్కలయ్యేదీ అక్కడే. ట్రాక్టరు వైద్యం చేయించుకుని వచ్చిన బండికి మేం కూడా ఏమీ చేయలేం, ఇంజన్ దించడం తప్ప.

ఇంజన్ కదిలిందనగానే సంబరపడి సెల్ఫ్ దగ్గరికి పోకండి. ఇంజన్ నెత్తిన వాల్వుల మీదుండే రాకర్ కవరు విప్పండి. చేత్తో ఇంజన్ను రెండు పూర్తి చుట్లు తిప్పితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది, ఎనిమిది వాల్వులూ ఒక్కోసారి దిగి లేవాలి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు చూడాలి. దిగింది దిగినట్టే ఉండిపోయిన వాల్వు ఉందంటే పాత పెట్రోలు జిగురు గైడులో (వాల్వు కాడ జారే గొట్టంలో) గట్టిపడింది. అది చూడకుండా సెల్ఫ్ కొడితే పుష్ రాడ్డు వంగుతుంది. వైద్యం తేలికే. ఆ సిలిండరు పిస్టను కిందికి వచ్చేలా పెట్టి, టాపెట్ స్క్రూ (వాల్వు సందు సరిచేసేది) వదులు చేసి, పుష్ రాడ్డు పక్కకు తప్పించి, వాల్వు కాడ మీద ఏటీఎఫ్ చుక్కలు వేస్తూ కర్రసుత్తితో నెమ్మదిగా కిందికి తట్టండి. కొద్దిగా దిగగానే స్ప్రింగు పైకి లాగుతుంది. పదిసార్లు అలా చేస్తే గైడు శుభ్రమై వాల్వు టపటపా ఆడుతుంది.

ఇప్పుడు ఆయిలు. సిలిండర్లలో పోసిన అసిటోన్, ఏటీఎఫ్, తుప్పు పొడి అన్నీ రింగుల పక్క నుంచి ఛాంబరులోకే చేరాయి. ముందే కొత్త ఆయిలు పోసి ఉంటే అది ఇప్పుడు పారబోయాల్సిందే. పాతదంతా దించి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు పోయండి. సుమారు నాలుగు లీటర్లు పడుతుంది, చివరి మాట డిప్‌స్టిక్‌దే. ఖరీదైన పల్చటి సింథటిక్ ఆయిలు ఈ ఇంజన్‌కు మేలు చేయదు. క్రాంకు వెనక చివర దీనికి రబ్బరు సీలు లేదు, ఆయిలును తిరిగి ఇంజన్ లోపలికి నెట్టే మరలాంటి గాడి మాత్రమే ఉంది. పల్చటి ఆయిలు అక్కడి నుంచి క్లచ్ ఇంట్లోకి కారుతుంది. గిన్నెలాంటి ఫిల్టరు ఉన్న బండ్లలో పాత రబ్బరు రింగు గాడిలోనే ఎండి అతుక్కుని ఉంటుంది, నల్లగా ఉండటంతో గాడిలో భాగమే అనుకుంటారు. దాని మీదే కొత్త రింగు వేసి బిగిస్తే ఇంజన్ లేచిన నిమిషంలో ఆయిలంతా నేల మీద ఉంటుంది. సూదితో గుచ్చి పాతదాన్ని పూర్తిగా తీయాలి.

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజన్‌లో ఆయిలు పంపు కూడా ఎండిపోయి ఉంటుంది. ఎండిన పంపు గాలినే తిప్పుతుంది కానీ ఆయిలును పీల్చదు. బ్లాకు దగ్గర ఆయిలు గేజీ గొట్టం విప్పి, ఆ రంధ్రంలోకి నూనె డబ్బాతో ఆయిలు పట్టినంత ఎక్కించండి. బేరింగులకూ, వెనక్కి పంపుకూ అది చేరుతుంది. గొట్టం బిగించాక, ఇప్పుడు మొదటిసారి బ్యాటరీ అవసరం. అది కూడా ప్లగ్గులు లేకుండా, కాయిలు వైరు తీసేసి. ప్లగ్గుల రంధ్రాల మీద గుడ్డ వేసి, ముఖం దూరంగా పెట్టి, సెల్ఫ్ పది సెకన్లు తిప్పండి, అర నిమిషం ఆగండి, మళ్లీ తిప్పండి. కంప్రెషన్ లేదు కనుక బేరింగుల మీద బరువు పడదు. గేజీ ముల్లు లేచేదాకా, గేజీ లేని బండిలో ఆయిలు లైటు ఆరేదాకా ఇదే పని. రాకర్ షాఫ్ట్ రంధ్రాల నుంచి ఆయిలు చెమ్మగా ఊరడం కంటితో చూస్తే ఇంకా నమ్మకం. ఐదారుసార్లు తిప్పినా ఒత్తిడి రాకుంటే ఆపి పంపు సంగతి చూడాలి. స్టార్ట్ అయ్యాక అదే వస్తుందిలే అనే మాట చెప్పే మెకానిక్కు దగ్గర బండి పెట్టకండి.

బ్యాటరీ తగిలించేటప్పుడు ఒక జాగ్రత్త. బాగా పాత మార్క్ వన్, మార్క్ టూ బండ్లలో ప్లస్సు వైపు బాడీకి ఎర్త్ చేసి ఉండవచ్చు. డైనమో, గేజీలు అలా ఉన్నాయో లేదో చూడకుండా ఇప్పటి అలవాటు కొద్దీ మైనస్ కేబులు బాడీకి వేస్తే డైనమో సంగతి అంతే. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్తు పట్టీ కూడా చూడండి. తుప్పు పట్టి తెగి ఉంటే సెల్ఫ్ కరెంటు చోక్ వైరు మీదుగా దారి వెతుక్కుంటుంది. చోక్ వైరు ఎర్రగా కాలి పొగ వచ్చిందంటే తప్పు వైరింగుది కాదు, ఆ పట్టీది.

ప్లగ్గుల్లో కరెంటు రాకపోవడానికి పదింట తొమ్మిదిసార్లు డిస్ట్రిబ్యూటరు లోపల కరెంటును తెంచి కలిపే సీబీ పాయింట్లే కారణం. పైకి బాగానే కనిపిస్తాయి, మధ్యలో తెల్లటి పొర కట్టి కరెంటును ఆపుతుంది. సన్నని నీటి ఎమెరీ ముక్కతో రెండు ముఖాలూ రుద్ది, పెట్రోలులో తడిపిన పెళ్లి శుభలేఖ అట్టముక్క మధ్యలో పెట్టి లాగండి. ఎమెరీ పొడి మిగిలితే మళ్లీ మొదటికొస్తుంది. పాయింట్ల సందు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ. ప్లగ్గుల సందు 25 థౌ, 0.64 మి.మీ. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, రోటరు పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది, ఒకటో సిలిండరు రేడియేటరు వైపుది. ఎలుకలు కొరికిన ప్లగ్గు వైర్లు మార్చేటప్పుడు ఈ వరస తప్పితేనే కార్బొరేటర్లోంచి ఫట్ మని మంట తిరగబెడుతుంది. కండెన్సరు ఎలాగూ కొత్తది వేయండి, దాని వయసు ఎవరికీ తెలియదు.

అసలు తలనొప్పి పెట్రోలు. మూత తీయగానే వార్నిష్ వాసన వస్తే ఆ పెట్రోలు చచ్చిపోయింది. కొత్త పెట్రోలు కలిపినా బాగుపడదు, కరిగిన జిగురును వాల్వు గైడుల దాకా మోసుకుపోతుంది. మొదటి స్టార్టుకు ట్యాంకు అవసరమే లేదు. శుభ్రమైన డబ్బాలో రెండు లీటర్ల తాజా పెట్రోలు పోసి, మధ్యలో ఒక ఫిల్టరు పెట్టి, పంపు లోపలికి వచ్చే గొట్టానికి కలపండి. ట్యాంకు పని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. బండి నుంచి దించి, గుప్పెడు నట్లు, డీజిలు వేసి అన్ని వైపులా కుదిపి, తుప్పు రేకులు రావడం ఆగేదాకా కడగాలి. చిల్లు పడిన పెట్రోలు ట్యాంకుకు మాత్రం వీధి చివర వెల్డింగు చేయించకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ప్రాణాలు పోతాయి.

పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు కొత్తవే వేయాలి, అవి కూడా ఏదో ఒకటి కాదు. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు మామూలు బంకులన్నిటికీ చేరింది. పాత కాలపు రబ్బరును ఇథనాల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చి కార్బొరేటర్ జింకు గిన్నెలో తెల్లటి పొడి కట్టిస్తుంది. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అనే అచ్చు చూసి కొనండి, గజానికి కొంచెం ఎక్కువే అవుతుంది. ప్రతి బంకులోనూ ఏ పెట్రోలులో ఎంత శాతం ఇథనాల్ ఉందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టమని చమురు కంపెనీలను ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాం. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో ఆగిపోయింది. అది లేకపోతే ఇనప హెడ్డులో వాల్వు సీట్లు అరుగుతాయన్నది నిజమే గానీ, నెలకు రెండుసార్లు నెమ్మదిగా తిరిగే బండికి ఆ ఒక్క కారణంతో హెడ్డు విప్పక్కర్లేదు. టాపెట్ సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే అప్పుడు గట్టి సీట్లు వేయించుకోండి.

కార్బొరేటరు ఎస్.యు. రకం అయితే పైన గుండ్రటి డోము విప్పకుండా, దాని మీది డ్యాంపరు మాత్రం తీసి, లోపలి పిస్టన్ను వేలితో ఎత్తి వదిలినప్పుడు టక్కుమని కిందికి పడాలి. నెమ్మదిగా దిగితే డోము విప్పి థిన్నరుతో కడగండి. డోమును, పిస్టన్ను, సూదిని ఎమెరీతో రుద్దితే ఆ కార్బొరేటరు ఇక పనికిరాదు. పైన డ్యాంపరులో 20 గ్రేడు పల్చటి ఆయిలు పోయడం మరిచిపోతారు, అది లేకుంటే యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఎక్కిళ్లు పెడుతుంది. సోలెక్స్ రకం అయితే జెట్లను ఇనప తీగతో పొడవకండి, ఇత్తడి రంధ్రం పెద్దదై ఇక జన్మలో మైలేజీ రాదు. నానబెట్టి గాలి కొట్టడమే.

నీళ్ల దారి గురించి క్లుప్తంగా. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాపు తిప్పితే నీళ్లు రాకపోవడం మామూలే, లోపల బురద గడ్డ కట్టి ఉంటుంది. తీగతో పొడిచి, పైపు పెట్టి వెనక నాలుగో సిలిండరు చుట్టూ తేరుకున్న మడ్డి పోయేదాకా కడగండి. వెనక సిలిండరు వేడెక్కేది అందుకే. బోరుబావి నీళ్లు పోయొద్దు, మన వైపు నీళ్లలో సున్నం ఎక్కువ. శుద్ధి చేసిన బ్యాటరీ నీళ్లు, మూడో వంతు కూలెంటు. రేడియేటరు మూత పాతది ఎన్ని పౌండ్లదో అన్ని పౌండ్లదే వేయాలి. కొత్త కార్ల గట్టి మూత వేస్తే పాత రేడియేటరు టాంకా అతుకులు విడిపోతాయి. థర్మోస్టాట్ తీసి పారేయడం మన మెకానిక్కుల పాత అలవాటు. అది ఉండాలి. లేకుంటే ఇంజన్ సరిగా వేడెక్కక ఛాంబరులో తేమ మిగిలిపోతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. బండి ఆరుబయట ఉండాలి, షెడ్డులో పొగ ప్రాణాంతకం. పక్కన ఇసుక బకెట్టో మంటలార్పే సిలిండరో ఉంచండి. చోక్ లాగి సెల్ఫ్ కొట్టండి. అంటుకోగానే రేజ్ చేసి చూడాలనే కోరిక చాలామందికి ఆగదు, మొదటి నిమిషంలో అదే వద్దు. ఇంజన్ వేగం వెయ్యి, పన్నెండు వందల ఆర్‌పీఎం దగ్గర స్థిరంగా ఉంచి గేజీ చూడండి. ఐదారు సెకన్లలో ఒత్తిడి చూపకపోతే ఆపేయండి. నీలం పొగ పది పదిహేను నిమిషాలు దట్టంగా వస్తుంది, బోరుల్లో మీరు పోసిన ఆయిలే అది. తెల్లటి ఆవిరి సైలెన్సర్లో చేరిన నీళ్లది. ఇంజన్ బాగా వేడెక్కినా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్లో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్. కింద టకటకమనే బరువైన చప్పుడు వస్తే ఆపేసి బేరింగులు చూడాలి. పైన చిటచిటలాడితే టాపెట్లు.

టాపెట్ సందు 15 థౌ. దీనికి తొమ్మిది లెక్క గుర్తుంటే చాలు. రేడియేటరు వైపు నుంచి వాల్వులను ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టండి. ఒకటో వాల్వు పూర్తిగా దిగినప్పుడు ఎనిమిదోది సరిచేయాలి. రెండు దిగితే ఏడు, మూడు దిగితే ఆరు, నాలుగు దిగితే అయిదు. ఎప్పుడూ రెండూ కూడితే తొమ్మిది రావాలి.

కంప్రెషన్ గేజీ మొదటి రోజే పెట్టి ఇంజన్ పోయిందని తేల్చేసే వాళ్లున్నారు. ఇది తొందరపాటు. ఏళ్ల తరబడి గాడిలో ఇరుక్కున్న రింగులు వేడికీ, కదలికకూ విడివడటానికి టైము పడుతుంది. వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆయిలు, ఫిల్టరు ఇంకోసారి మార్చి, అప్పుడు వేడి ఇంజన్ మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడండి. అంకె ఎంత అన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే 20 పౌండ్లకు మించి తక్కువ ఉంటే ఆ బోరులో చెంచాడు ఆయిలు వేసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. హెడ్డు విప్పాల్సి వచ్చినా వెంటనే బోరింగుకు (బోరును వెడల్పు కోయించడానికి) పంపకండి. బోరులో తుప్పు గీత మీద గోరు ఆనించి లాగితే గోరు అందులో చిక్కి ఆగనంత వరకు హోనింగుతో (బోరును పైపైన రాయితో రుద్దడంతో) సరిపోతుంది. గోరు ఆగితే మాత్రం బోరింగు తప్పదు. ఈ ఇంజన్‌కు పిస్టన్లు 10, 20, 30, 40 థౌ ఓవర్‌సైజుల్లో ఉంటాయి. అవసరానికి మించి ఒకేసారి 40కి కోయించుకుంటే తర్వాత స్లీవులే గతి.

ప్రీమియర్ పద్మిని, పాత ఫియట్ 1100 బండ్లకు కూడా పైన చెప్పిన పద్ధతే వర్తిస్తుంది, అంకెలు, కొలతలు మాత్రం ఆ బండివే చూసుకోవాలి. ఇంకో తేడా కూడా ఉంది. వాటి 1089 సీసీ ఇంజన్ హెడ్డు అల్యూమినియం, స్టడ్డులు ఇనుము. కూలెంటు లేక ఉత్త నీళ్లు నిలిచిన బండిలో రెండూ కొరుక్కుని అతుక్కుపోతాయి. స్క్రూడ్రైవరు దూర్చి హెడ్డు లేపితే ముఖం చెడుతుంది. ఇంజన్ తిరుగుతుంటే నట్లన్నీ ఒక్కో చుట్టు వదులు చేసి, ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టండి. లోపలి కంప్రెషనే దాన్ని లేపుతుంది.

పెట్రోలు ఇంజన్ పాత ఇనుముకు అమ్మి ఇంకో బండి డీజిలు ఇంజన్ వేయించే వాళ్లకు ఒక సంగతి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది పదేళ్లు చెల్లుతుంది, కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, రోజువారీ తిరగడానికి మాత్రం కాదు. అసలు ఇంజన్ నంబరు పోయిన బండికి ఆ దారి మూసుకుపోతుంది.

ఇంజన్ లేచింది కదా అని రోడ్డెక్కడం ఇంకో ప్రమాదం. వీల్ సిలిండర్ల రబ్బర్లు, బ్రేక్ హోస్ పైపులు మార్చకుండా, పాత బ్రేకాయిలు దించకుండా గేటు దాటొద్దు. పైకి నిగనిగలాడే పాతికేళ్ల టైర్లు కూడా అంతే.

చివరిగా, లేచిన బండిని ఎలా ఉంచాలో. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేయడం మంచిదని చాలామంది అనుకుంటారు. చోక్ మీద నడిచిన ఆ ఐదు నిమిషాల్లో బోరుల్లో పెట్రోలు, ఛాంబరులో నీటి ఆవిరి చేరతాయి, అవి ఎగిరిపోయేంత వేడి మాత్రం రాదు. దానికంటే స్టార్ట్ చేయకపోవడమే నయం. తీస్తే నెలకోసారి తీసి ఇరవై కిలోమీటర్లు నడపండి. ఆరు నెలలు తీసే ఉద్దేశం లేకుంటే ఆయిలు కొత్తది పోసి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి, ఒక్కో బోరులో 10 మి.లీ. ఆయిలు వేసి చేత్తో రెండు చుట్లు తిప్పి, సైలెన్సర్ మూతికి, ఎయిర్ క్లీనర్ నోటికి నూనె గుడ్డ కుక్కండి. గుడ్డలు కుక్కిన సంగతి ఒక చీటీ మీద రాసి స్టీరింగుకు కట్టండి, వచ్చే సంక్రాంతికి తాళం తిప్పేది మీరే కాకపోవచ్చు.

ఇట్లు,
పాత పెట్రోలు బండ్ల పని చేసేవాళ్లం,
ఆటోనగర్, విజయవాడ